పనిచోట సరదాపై పరిశోధన ఎటు సాగుతోంది?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని):
నా సిద్ధాంత వ్యాసానికి పనిచోట సరదా అనే అంశాన్ని ఎంచుకున్నాను. సరదా ఉన్నచోట ఉద్యోగులు నిలుస్తారని ఒక వ్యాసం చెబుతుంటే, అదే సరదా వారికి విసుగు పుట్టిస్తుందని మరొకటి చెబుతోంది. ఈ రెంటికీ పొంతన ఎలా కుదురుతుందో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
సామాజిక శాస్త్రవేత్త డొనాల్డ్ రాయ్ 1959లో ప్రచురించిన వ్యాసంతో మొదలుపెట్టండి. రోజంతా ఒకే యంత్రం ముందు ఒకే పని చేసే కార్మికులతో కలిసి తానూ పనిచేస్తూ ఆయన రాసిన వ్యాసమది. అక్కడ ఒకాయన రోజూ తోటి కార్మికుడి భోజనం డబ్బాలోంచి అరటిపండు తీసుకుని, అరటిపండు వేళయిందని కేకవేసి తినేసేవాడు. పండు తెచ్చుకున్నాయన రోజూ గొడవపడేవాడు, అయినా మర్నాడు మళ్లీ పండు తెచ్చేవాడు. ఒక దశలో కార్మికుల మధ్య మాటలు ఆగిపోగానే, అలసట మళ్లీ రాయ్‌ను కమ్ముకుంది. ఆ సరదాను యాజమాన్యం ఏర్పాటు చేయలేదన్నది గమనించండి. 1980ల నుంచి సంస్థాగత సంస్కృతి, అంటే సంస్థలో అందరూ పాటించే విలువలు, అలవాట్లు, అన్న పేరుతో సరదాను పుట్టించడం మేనేజర్ల బాధ్యతగా మారింది. 2005లో పరిశోధకుడు పీటర్ ఫ్లెమింగ్ ప్రచురించిన అధ్యయనంలో, యాజమాన్యమే సరదాను నడిపించే ఒక కాల్ సెంటర్‌ను పరిశీలించినప్పుడు, తమను పిల్లల్లా చూస్తున్నారని అక్కడి ఉద్యోగులు కొందరు నొచ్చుకున్నారు.

రెండవ సమాధానం:
పై సమాధానానికి ఒక చేర్పు. సరదాను ఒకే ముద్దగా కొలవడమే చాలా గందరగోళానికి మూలమని నా అభిప్రాయం. ట్యూస్, మిషెల్, స్టాఫర్డ్ అనే పరిశోధకులు రెస్టారెంట్ సర్వర్లపై చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, మేనేజర్లు సరదాను ప్రోత్సహించినచోట ఉద్యోగాలు వదిలేసేవారు తగ్గారు కానీ పనితీరు కూడా తగ్గింది. సరదా కార్యక్రమాలు మాత్రం పనితీరును పెంచాయి. మీరు చూసినలాంటి వైరుధ్యం ఒకే అధ్యయనంలో కనిపిస్తుంది! అందుకే బార్బరా ప్లెస్టర్ వంటి పరిశోధకులు తనంతట పుట్టే సరదాను, సంస్థ నిర్వహించే సరదాను, పనిలోనే దొరికే సరదాను వేరువేరుగా చూస్తున్నారు.

మూడవ సమాధానం:
నేను కొంతకాలం మానవ వనరుల విభాగంలో పనిచేశాను. శుక్రవారం సాయంత్రం అందరూ తప్పనిసరిగా ఆడాల్సిన ఆటలను నేనే నిర్వహించేదాన్ని. ఒక సహోద్యోగి ప్రతివారం గోడకానుకుని నిలబడి, పిలిచినప్పుడు మాత్రం నవ్వి చప్పట్లు కొట్టి, మళ్లీ గడియారం వైపు చూసేవారు. హాజరు పట్టికలో ఆయన పేరు ఎప్పుడూ ఉండేది. ఆటలకు ఉద్యోగుల సమ్మతి ఉందా లేదా అన్నదానిపైనే ఫలితం ఆధారపడుతుందని మోలిక్, రాత్‌బార్డ్ చేసిన పరిశోధన చదివాక ఆయన ముఖమే నాకు గుర్తొచ్చింది. మీ ప్రశ్నావళిలో ఎన్ని కార్యక్రమాలకు వచ్చారన్న ప్రశ్నకు ముందు, రాకుండా ఉండగలిగేవారా అన్న ప్రశ్నను దయచేసి చేర్చండి.