ఇంజిన్ వేడెక్కాక సెల్ఫ్ తీసుకోని పాత మారుతి 800: టిక్‌మని ఆగిపోతోంది

పేటవాసి (ప్రశ్న)

మాది 1999 నాటి మారుతి 800, కార్బ్యురేటర్ బండి. నాన్నగారు కొన్నది. నరసరావుపేటలో ఉంటాం. ఉదయం చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది. గుంటూరు వెళ్లి బండి ఆపి, కాసేపటికి మళ్లీ తాళం తిప్పితే మాత్రం ఒక్కోసారి ‘టిక్’ అన్న చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదు. సెల్ఫ్ తిరగదు. బానెట్ ఎత్తి అరగంట ఉంచితే మామూలుగా తిరుగుతుంది. తోస్తే వెంటనే అందుకుంటుంది కాబట్టి పెట్రోలు, ప్లగ్గుల వైపు లోపం లేదనే నా నమ్మకం.

కొత్త బ్యాటరీ వేయించాం. సెల్ఫ్ మోటారు విప్పించి కార్బన్ బ్రష్‌లు మార్పించాం. అయినా అంతే. గ్యారేజీకి తీసుకువెళితే అక్కడ చక్కగా స్టార్ట్ అవుతుంది! ఇప్పుడు వైరింగ్ మొత్తం మార్చాలంటున్నారు. అమ్మను ఆసుపత్రికి తీసుకువెళ్లేది ఈ బండిలోనే. మిట్టమధ్యాహ్నం ఆమెను లోపల కూర్చోబెట్టి, తోసే మనుషుల కోసం రోడ్డు మీద వెతకడం నావల్ల కావడం లేదు. దయచేసి అమ్మేయమని మాత్రం చెప్పకండి. లోపం ఎక్కడ వెతకాలో చెప్పండి.

కాకినాడ తీరం

ముందు బ్యాటరీ టెర్మినల్స్ విప్పి చూడండి. మా ఊరి ఉప్పుగాలికి ఆకుపచ్చ పొడి పేరుకుపోయి ఇలాగే వేధిస్తుంది. వేడినీళ్లు పోసి కడిగి, గరుకు కాగితంతో రుద్ది, బిగించి వాజలిన్ రాయండి.

పాతబండి ప్రేమికుడు

ఇగ్నిషన్ స్విచ్ అరిగి ఉంటుంది. సెల్ఫ్ సోలినాయిడ్‌కు (మోటారుకు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్చుకు) వెళ్లే సన్నవైరులో ఒక రిలే (తాళం మీద భారం తగ్గించే చిన్న విద్యుత్ స్విచ్చు) పెట్టించండి. నా బండికి దానితోనే తీరింది.

ఆటోనగర్ ఎలక్ట్రీషియన్, విజయవాడ

పేటవాసి గారూ, ఇంకే వస్తువూ కొనకండి. వైరింగ్ జోలికి అసలు వెళ్లవద్దు. ఒక్క ప్రశ్న: టిక్‌మన్నప్పుడు హెడ్‌లైట్లు వేసి ఉంచితే అవి మసకబారుతున్నాయా, అలాగే వెలుగుతున్నాయా?

పేటవాసి

నిన్న సాయంత్రం మళ్లీ ఆగింది. అప్పుడు చూశాను. లైట్లు ఏమాత్రం తగ్గలేదండీ.

ఆటోనగర్ ఎలక్ట్రీషియన్, విజయవాడ

అయితే చాలావరకు తేలిపోయింది. టిక్ వినిపించిందంటే ఇగ్నిషన్ స్విచ్ నుంచి సన్నవైరులో కరెంటు సోలినాయిడ్‌కు చేరింది. రిలే పనికొచ్చేది అసలు టిక్ కూడా రానప్పుడు. బ్యాటరీ నీరసిస్తే, లేదా టెర్మినల్ వదులైతే, లైట్లు కూడా పడిపోవాలి. పడలేదు. అంటే మోటారుకు వెళ్లే లావు దారిలోనే ఎక్కడో కరెంటు ఆగుతోంది. ఆ దారిలో చూడవలసినవి మూడే: పాజిటివ్ కేబులు, సోలినాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు, ఇంజిన్ ఎర్త్ (ఇంజిన్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కు కరెంటు తిరిగివెళ్లే దారి).

నా అనుమానం ఎర్త్ మీదే. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది. బాడీకి ఎర్త్ బాగున్నంత మాత్రాన ఇంజిన్‌కు ఉన్నట్టు కాదు. దానికి వేరే పట్టీ ఉంటుంది. పాతికేళ్ల బండిలో ఆ పట్టీ చివర, బోల్టుకు బిగించే లగ్గు (లోహపు కొస) లోపల, పైకి కనపడకుండా తీగలు తుప్పుపడతాయి. వేడికి అతుకు కాస్త సడలితే చాలు. చిన్న కారు సెల్ఫ్ కూడా దాదాపు 100 ఆంపియర్లు లాగుతుంది. ఆ దారిలో 0.02 ఓం అడ్డుపడినా 2 వోల్టులు అక్కడే పోతాయి. అంత చిన్న అడ్డును మల్టీమీటర్ ఓం గుర్తు మీద పెట్టి చూస్తే పట్టుకోలేం, కరెంటు పారుతుండగా వోల్టేజీ చూడాల్సిందే.

మీటరు 20 వోల్టుల డీసీ మీద పెట్టండి. ఒక కొసను బ్యాటరీ నెగటివ్ సీసపు పోస్టుకే ఆనించండి, క్లాంపుకు కాదు. రెండోదాన్ని ఇంజిన్ మీద శుభ్రమైన లోహానికి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు వేసి ఇంకొకరిని తాళం తిప్పమనండి. 0.2, 0.3 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ మంచిదే. తర్వాత పాజిటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ మీది లావు బోల్టు దాకా అలాగే చూడండి. అక్కడ అర వోల్టు దాటకూడదు. రెండూ బాగుంటే సోలినాయిడ్ విప్పాలి.

ఇదంతా చేయాల్సింది బండి మొరాయించినప్పుడే. చల్లారాక కొలిస్తే అన్నీ బాగున్నట్టే కనిపించవచ్చు. అందుకే మీటరు డిక్కీలో పెట్టుకు తిరగండి. దారిలో ఆగితే స్క్రూడ్రైవరుతో సెల్ఫ్ బోల్టులు కలపనివ్వకండి. పక్కనే పెట్రోలు ఆవిరి, నిప్పురవ్వలు, పైగా గేరులో ఉంటే బండి మీదికే వస్తుంది. దానికి బదులు జంపర్ కేబులు ఒకటి నెగటివ్ పోస్టు నుంచి ఇంజిన్‌కు తగిలించి తాళం తిప్పండి. స్టార్ట్ అయితే దోషి ఎర్త్ పట్టీయే.

పేటవాసి

దొరికింది! చిలకలూరిపేటలో ఆగింది. నెగటివ్ పోస్టుకూ ఇంజిన్‌కూ మధ్య 8 వోల్టులకు పైగా చూపింది. పాజిటివ్ వైపు 0.1 దాటలేదు. జంపర్ కేబులు తగిలించగానే సెల్ఫ్ గిర్రున తిరిగింది. ఇంటికి వచ్చాక పట్టీ విప్పాను. పైన ప్లాస్టిక్ తొడుగు కొత్తదానిలా ఉంది, కోస్తే లోపల రాగి అంతా పచ్చటి పిండి. కొత్త కేబులు చేయించి, బోల్టు కూర్చునే చోట రంగు గీకి బిగించాను. ఇప్పుడు ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు కొలిచినా 0.1. నాన్నగారి బండిని నాకు తిరిగి ఇచ్చారు, అండీ.

ఆటోనగర్ ఎలక్ట్రీషియన్, విజయవాడ

చాలా సంతోషం. ఒకసారి క్లచ్ కేబులు కూడా చూడండి. ఎర్త్ తెగినప్పుడు కరెంటు దాని గుండా దారి వెతుక్కుంటుంది. లోపలి తొడుగు కాలిపోయి ఉంటే పెడల్ బిగుసుకుపోతుంది.

కాకినాడ తీరం

నాదీ అదే మోడలు. కానీ టిక్ కూడా రాదు, తాళం కాస్త ఊపితే వస్తుంది. నేను కూడా ఎర్త్ నుంచే మొదలుపెట్టాలా?

ఆటోనగర్ ఎలక్ట్రీషియన్, విజయవాడ

లేదండీ, మీది స్విచ్చే. తాళం తిప్పి పట్టుకుని, సోలినాయిడ్ సన్నవైరు దగ్గర టెస్ట్ ల్యాంప్ పెట్టండి. వెలగకపోతే పాతబండి ప్రేమికుడు గారు చెప్పిన రిలే మీకే.