ఆప్టిప్లెక్స్ 7010 ప్రాసెసర్ 790లో పనిచేస్తుందా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మా ట్యూషన్ సెంటర్ పిల్లల కోసం ఒక ఆఫీసులో తీసేసిన డెల్ సిస్టమ్స్ రెండు కొన్నాం, రెండూ పెద్ద టవర్లే. ఆప్టిప్లెక్స్ 790 (ప్రాసెసర్ ఐ5-2400) బాగానే నడుస్తోంది. రెండోది 7010 (ఐ5-3470), మొన్న కరెంటు పోయి వచ్చాక బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. రిపేరు షాపతను మూత కూడా తీయకుండానే బోర్డు పోయింది అనేశాడు. రెండింటికీ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ ఎల్‌జీఏ 1155 కదా, ఆ 3470 తీసి 790లో పెట్టేస్తే అదైనా కాస్త స్పీడ్ అవుతుందా? లేక బోర్డే మార్చాలా? పరీక్షల ముందు, ఉన్నది కూడా పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
పెట్టకండి సార్, డిస్‌ప్లే రాదు. సాకెట్‌లో పట్టినంత మాత్రాన సరిపోదు, బోర్డు మీద ప్రాసెసర్‌ని మిగతా భాగాలతో కలిపే చిప్‌సెట్ చూడాలి. 790లో ఉన్నది క్యూ65, అది రెండో తరం ప్రాసెసర్లనే తీసుకుంటుంది, మీ 3470 మూడో తరానిది. బయాస్ (బోర్డులోనే ఉండే స్టార్టింగ్ సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసినా లాభం లేదు. 7010లోది క్యూ77, దానికి రెండు తరాలూ ఓకే. అంటే 2400 అటు వెళ్తుంది గానీ 3470 ఇటు రాదు. స్పీడే కావాలంటే ప్రాసెసర్ జోలికి పోకుండా ఒక ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వేసే వేగమైన డిస్క్) వేయండి, తేడా పిల్లలకే తెలుస్తుంది.

జవాబు 2:
అసలు బోర్డు పోయిందని ఎవరు తేల్చారు? కరెంటు వచ్చినప్పుడు ముందు దెబ్బతినేది చాలాసార్లు పవర్ సప్లైయే. 7010 వెనక, పవర్ కేబుల్ గుచ్చే చోట చిన్న బటన్, పక్కనే బుల్లి లైటు ఉంటాయి చూడండి. కేబుల్ పెట్టి ఆ బటన్ నొక్కండి. పచ్చ లైటు వెలిగితే పవర్ సప్లై బాగున్నట్టే. వెలగకపోతే కేబుల్ తీసేసి, లోపల బోర్డుకీ డ్రైవ్‌లకీ వెళ్లే వైర్లన్నీ ఊడదీసి, మళ్లీ కేబుల్ పెట్టి నొక్కండి. అప్పుడు వెలిగితే తప్పు బోర్డుదో డ్రైవ్‌దో. అప్పుడూ వెలగకపోతే సప్లై పోయినట్టు. ఈ రెండు టవర్లలో బోర్డుకి వెళ్లేది 24 పిన్నుల కనెక్టరే కాబట్టి 790 సప్లైతో 7010ని పరీక్షించొచ్చు. తర్వాత వచ్చిన 9020లో అది 8 పిన్నులకి మార్చేశారు, దాంతో ఈ వీలుండదు.

ప్రాసెసర్ మాత్రం అవసరం లేకుండా కదపొద్దు. ఇంటెల్‌లో పిన్నులుండేది బోర్డు మీద, వెంట్రుకల్లా సన్నగా ఉంటాయి, ఒక్కటి వంగినా బోర్డు చేతికి రాదు.

ప్రశ్న అడిగినవారు:
వైర్లన్నీ తీసినా లైటు వెలగలేదు. 790 సప్లై తగిలించగానే 7010 ఫ్యాన్ తిరిగింది! స్క్రీన్ మీద టైమ్ సెట్ కాలేదని మెసేజ్ వచ్చి ఆగింది. 790లో ఉన్న విండోస్ డిస్క్ దీనికి మార్చుకోవచ్చా?

జవాబు 2:
ఆ మెసేజ్‌కి బోర్డు మీది సీఆర్2032 సెల్ మార్చండి, గడియారాల షాపులో కూడా దొరుకుతుంది. డిస్క్ మార్చేముందు 790 బయాస్‌లో సాటా ఆపరేషన్ (డిస్క్‌ని బోర్డు నడిపే పద్ధతి) అన్న చోట ఏహెచ్‌సీఐ ఉందో రెయిడ్ ఉందో రాసుకుని, 7010లోనూ అదే పెట్టండి, తేడా ఉంటే బ్లూ స్క్రీన్ వస్తుంది. విండోస్ లైసెన్స్ బోర్డుతో ముడిపడి ఉంటుంది కాబట్టి యాక్టివేషన్ మళ్లీ అడగొచ్చు. డిస్క్‌లో పిల్లల ఫైళ్లు ఏవైనా ఉంటే ముందు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి.