ట్రైనింగ్ కాంట్రాక్ట్ దొరకట్లేదు, పారాలీగల్ దారిలోనే సొలిసిటర్ అవ్వొచ్చా?

నమస్తే అండీ. ఇంగ్లండ్‌లో, లీసెస్టర్‌లో ఉంటాను. ఇక్కడే ఎల్ఎల్‌బీ చేశాను, సొలిసిటర్ (ఇక్కడి లాయర్) అవ్వడానికి రాసే ఎస్‌క్యూఈ పరీక్షలో మొదటి భాగం, ఎస్‌క్యూఈ1 పాసయ్యాను. ట్రైనింగ్ కాంట్రాక్ట్ (లా ఫర్మ్‌లో ట్రైనీ ఉద్యోగం) కోసం 43 అప్లికేషన్లు పెడితే ఇంటర్వ్యూ దాకా వెళ్లినవి రెండే. నిన్న బస్సులో ఉండగా ఇంకో 'సారీ' మెయిల్ వచ్చింది. అమ్మకి ఇంకా చెప్పలేదు.

ఒక చిన్న ఆఫీసులో 14 నెలలుగా పారాలీగల్‌ని (లాయర్లకు పనిలో సాయం చేసే ఉద్యోగం), ఇళ్ల అమ్మకాల ఫైళ్లు చూస్తాను. 2021లో ఎస్‌క్యూఈ వచ్చాక, నాలుగు సంస్థల వరకు చేసిన పనిని కలిపి, సొలిసిటర్ అవ్వడానికి కావాల్సిన రెండేళ్ల అనుభవంగా చూపించుకోవచ్చు కదా. కానీ ఆ అనుభవాన్ని ధ్రువీకరిస్తూ సంతకం పెట్టే మాట ఎత్తితే మా బాస్ దాటేస్తున్నారు. అదే నా టెన్షన్. నా పనిని స్వయంగా పరిశీలించిన బయటి సొలిసిటర్ కూడా సంతకం చేయొచ్చని రూల్ ఉంది. అలా ఎవరైనా చేయించుకున్నారా? ఎలా అడిగారు? లేక ఉచితంగా న్యాయ సలహా ఇచ్చే లా క్లినిక్‌లో వాలంటీర్‌గా చేరడమే మేలా? దయచేసి చెప్పండి.