సమస్యాపూరణం: వెలుఁగు చంపెను, చీఁకటి ప్రీతిఁ గాచె

ఈ వారం సమస్య (తేటగీతి పద్యపు నాల్గవ పాదం; పొసగనట్టు కనబడే ఈ మాటకు అర్థం కుదిరేలా మిగతా మూడు పాదాలు వ్రాయాలి):

వెలుఁగు చంపెను, చీఁకటి ప్రీతిఁ గాచె

ఇతివృత్తం: 2001 నవంబరు 17న కార్టూన్ నెట్‌వర్క్‌లో మొదలైన ‘జస్టిస్ లీగ్’ యానిమేషన్ ధారావాహిక తొలి మూడు భాగాల కథ.

నిర్వాహకుని మాట: పిల్లల బొమ్మల కథకు పద్యమెందుకని ఇద్దరు సభ్యులు అడిగారు. ఈ కథను ఎంచుకోవడానికి కారణం దానిలోనే ఒక సమస్య ఉండటం. అంగారకునిపైకి వెళ్లిన ఇద్దరు వ్యోమగాములు అక్కడ నేల అడుగున బంధించి ఉన్న పరాన్నజీవులను తెలియక విడిపిస్తారు. వారిలో ఒకరు తరువాత సెనేటరై, లోకంలోని అణ్వస్త్రాలన్నీ తొలగిపోవాలని పిలుపునిస్తారు. సూపర్‌మ్యాన్ మంచి మనసుతో ఆ మాట నమ్మి, ఆయుధాలను తానే తొలగిస్తాడు. ఆ సెనేటరు మనిషి కాడనీ, ఆ రూపం ధరించిన శత్రువనీ తెలిసేసరికి మూడు కాళ్ల యంత్రాలు నగరాలలో దిగి, సూర్యుణ్ణి కప్పివేసే పని మొదలుపెడతాయి. మేలు కోరిన చేతితోనే కీడు జరిగిన కథ ఇది. విరోధాన్ని ఈ కథ లోపలి నుంచే పరిహరించాలన్నది ఈసారి నియమం.

పూరణం 1 (విజయవాడ నుంచి, విశ్రాంత ఉపాధ్యాయులు)

మిన్ను మేఘాలఁ గప్పించి మెఱపు దాఁచి
పుడమి నాక్రమించు పరుల పొగరు నడఁచె
గబ్బిలపు ఱేఁడు కనుఁగొన్న గట్టి గుట్టు;
వెలుఁగు చంపెను, చీఁకటి ప్రీతిఁ గాచె

విమర్శ: మాస్టారూ, అన్వయం సూటిగా ఉంది. శత్రువులకు ఎండ గిట్టదు, అందుకే వారు చీకటి కమ్మించారు. ఆ చీకటి కాచినది వారినే, వెలుగు చంపినదీ వారినే. బ్యాట్‌మ్యాన్‌ను ‘గబ్బిలపు ఱేఁడు’ అనడం వినసొంపుగా ఉంది. అయితే మొదటి పాదంలోని ‘మెఱపు దాఁచి’ యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ నియత స్థానంలోని అక్షరంతో కుదరవలసిన మైత్రి) కోసం వచ్చిన మాటగా తోస్తున్నది, ఎందుకంటే కథలో మెరుపుకు చోటు లేదు. ‘మేర మీఱి’ అంటే యతి నిలుస్తుంది, దురాక్రమణ భావమూ బలపడుతుంది.

మాస్టారి సమాధానం: సవరణ స్వీకరించాను. ఆ మాట వ్రాస్తున్నప్పుడే నాకూ వెలితిగా అనిపించింది.

పూరణం 2 (డల్లాస్ నుంచి ఒక సభ్యురాలు)

చచ్చె ననుకొన్న వీరుని జాడ దాఁచెఁ
గుజుని బిడ్డఁడు తలపులఁ గూర్మిఁ గప్పి;
రాత్రి వేషంపుఁ బురుషుఁడే రవినిఁ బిలువ
వెలుఁగు చంపెను, చీఁకటి ప్రీతిఁ గాచె

సభ్యురాలి వివరణ: శత్రువుల స్థావరంలో బ్యాట్‌మ్యాన్ లోపలే చిక్కుకుపోయినప్పుడు, మనసులను చదవగల అంగారకవాసి జాన్ జోన్స్ అతడు ఇక లేడని చెబుతాడు. మా అమ్మాయి ఆ ఘట్టంలో తెర వైపు చూడనన్నది. తరువాత తేలేదేమిటంటే, శత్రువులు కూడా మనసులను చదవగలరు గనుక బ్యాట్‌మ్యాన్ ఆలోచనలు వారికి అందకుండా జాన్ మరుగుపరచాడు. ఆ మరుగునే నేను ఇక్కడ చీకటిగా తీసుకున్నాను.

విమర్శ: అమ్మా, ఈ వారం నన్ను ఎక్కువసేపు ఆపిన పద్యం ఇది. సమస్యలోని చీకటిని ఆకాశం మీద గాక ఒక మనసు మీద కప్పిన తెరగా గ్రహించడం మేలైన ఊహ. పైగా చీకటికి అలవాటు పడినవాడే సూర్యుణ్ణి పిలవడంతో విరోధం మూడవ పాదంలో మరింత బిగిసి, నాలుగవ పాదంలో విడిపోతుంది. కథలోనూ అంతే: శత్రుయంత్రపు స్ఫటికంలోని విద్యుదావేశాన్ని బ్యాట్‌మ్యాన్ తారుమారు చేయగానే మబ్బు విడిపోతుంది, పైకప్పు బద్దలై ఎండ నేరుగా శత్రునాయకుని ఒంటి మీద పడి బొబ్బలెక్కిస్తుంది.

ఒక్క సూచన. ‘కూర్మి’, ‘ప్రీతి’ ఒకే అర్థమిచ్చే మాటలు కనుక ఒకే పద్యంలో పునరుక్తి అవుతున్నది. ‘తలపుల గుట్టుఁ గప్పి’ అని మార్చి చూడండి. యతి చెడదు, జాన్ దాచినది రహస్యమనీ తెలుస్తుంది.

రాజమహేంద్రవరం సభ్యుని ప్రశ్న: వీరుని విషయంలో ‘చచ్చె’ అన్నది మోటుగా లేదా అండీ?

నిర్వాహకుని సమాధానం: అది కవి మాట కాదండీ, తోడివారు పొరబడి అనుకున్న మాట. అక్కడ మెత్తని పదం వేస్తే వారికి తగిలిన దెబ్బ పాఠకునికి తగలదు. ఉండనిద్దాం.

పూరణం 3 (వరంగల్ నుంచి, డిగ్రీ విద్యార్థి; తొలి ప్రయత్నం)

సూర్యబలుఁడు లోకపు టస్త్రచయము నణఁచెఁ
జెనటి మాయావి మాటలఁ జిక్కుపడుచు;
నిదుర మానిన గబ్బిల మెదురు నిలిచె;
వెలుఁగు చంపెను, చీఁకటి ప్రీతిఁ గాచె

విమర్శ: తమ్ముడూ, నీ ఊహ మా ముగ్గురి ఊహల కంటె దూరం వెళ్లింది. సూపర్‌మ్యాన్‌కు బలమిచ్చేది సూర్యకాంతి కనుక అతడే వెలుగు, బ్యాట్‌మ్యాన్ చీకటి. లోకానికి ఉన్న రక్షణను వెలుగు తన చేతులతోనే చంపింది, చీకటి కాచింది. సమస్య ఇచ్చినప్పుడు నాకు ఈ అర్థం తట్టలేదని సంతోషంగా చెబుతున్నాను.

ఇక ఛందస్సు. మొదటి పాదంలో యతి తప్పింది. సకార చకారాలకు మైత్రి ఉన్నది నిజమే గాని, హల్లు కుదిరితే చాలదు, అచ్చు కూడా కుదరాలి. ‘సూ’లోని ఊకారానికి ‘చ’లోని అకారంతో మైత్రి లేదు. ఇలా చూడు:

సూర్యబలుఁడు లోకము నస్త్రశూన్యముగను
జేసె మాయావి మాటలఁ జిక్కుపడుచు;

ఇప్పుడు ‘సూ’కు ‘శూ’ చక్కగా కుదిరింది. ‘చెనటి’ పోయినా నష్టం లేదు, మాయావి అన్న తరువాత దుష్టుడని మళ్లీ చెప్పనక్కరలేదు. మూడవ పాదంలో ‘నిదుర – ఎదురు’ అని ప్రాసయతి (మొదటి అక్షరానికి బదులు రెండవ అక్షరం కుదిర్చే యతి) వేశావు. తేటగీతిలో అది చెల్లుతుంది, తొలి ప్రయత్నంలో దానిని నిలబెట్టినందుకు అభినందనలు.

డల్లాస్ సభ్యురాలి వ్యాఖ్య: ఆలోచన నాకూ నచ్చింది గాని, ‘చంపెను’ అన్న క్రియకు కర్మ ఏదో పద్యంలో స్పష్టంగా లేదు. సూపర్‌మ్యాన్ ఎవరినో చంపాడని కథ తెలియనివారు అనుకోవచ్చు.

విద్యార్థి సమాధానం: మేడమ్, మొదటి పాదంలోని అస్త్రాలే కర్మ అనుకొని వ్రాశాను. నడుమ గబ్బిలం వచ్చి ఆ తీగ తెగిందని మీరు చెప్పాకే కనబడింది. మూడవ పాదాన్ని మళ్లీ వ్రాసి పంపుతాను.

నిర్వాహకుని మాట: ఆమె చెప్పినది సరియే. ప్రాసయతి మీద మోజుతో పాదాన్ని అలాగే ఉంచుకోవద్దు. అన్వయం కుదిరాకే అలంకారం. ఆదివారం దాకా గడువు ఇస్తున్నాను.

వచ్చే వారం సమస్య కూడా ఈ కథ చివరి నుంచే. ఏడుగురు వీరులకు అంతరిక్షంలో కావలి గోపురం కట్టించి, తన సంస్థ పరిశోధన పద్దులో ఆ ఖర్చు దాచినవాడు బ్యాట్‌మ్యాన్. నలుగురిలో కలవడం తనకు చేతకాదనీ, అవసరమైతే పిలవమనీ చెప్పినవాడూ అతడే. పాదం ఇది:

ఒంటరిగ నుండువాఁడె యా యింటి పెద్ద