పదిహేనేళ్లుగా నల్ల డై వేస్తున్నాను, ఇప్పుడు ముఖానికి నప్పడం లేదు. ఏ షేడ్‌కి మారాలి?

మల్లెపందిరి:

నాకు 58 ఏళ్లు. 43వ ఏట చెంపల దగ్గర నాలుగు తెల్ల వెంట్రుకలు కనిపించగానే నల్ల డై మొదలుపెట్టాను. ఇప్పుడు ఆపేస్తే ముప్పాతిక వంతు తెలుపే.

పోయిన నెల అక్కాచెల్లెళ్లం నలుగురం కలిసి ఒక ఫోటో దిగాం. అది చూసినప్పటి నుంచి మనసు మనసులో లేదు. పెద్దక్క నాకంటే ఆరేళ్లు పెద్దది, డై వేయదు, తల ముగ్గుబుట్టలా నెరిసింది. అయినా ఆమె ముఖమే కళగా ఉంది. నేనేమో జ్వరం నుంచి అప్పుడే లేచినట్టు ఉన్నాను. కళ్ల కింద నలుపు, మూతికి రెండు పక్కలా గీతలు, అన్నీ పెన్సిల్‌తో దిద్దినట్టు కనిపిస్తున్నాయి. జుట్టు మాత్రం టోపీ బోర్లించినట్టు ఒకటే నలుపు.

నలుపు మానేద్దామని 6.4 అని రాసి ఉన్న బ్రౌన్ డబ్బా తెచ్చి ఇంట్లోనే వేసుకున్నాను. కుదుళ్ల దగ్గర వేలు వెడల్పున రాగి రంగు మెరిసిపోతూ వచ్చింది. కింద జుట్టు చెక్కుచెదరలేదు, నలుపు నలుపే. వారం ఆగి మళ్లీ వేశాను, అదే తీరు. ఆ రాత్రి అద్దం ముందు కూర్చుని ఏడ్చాను. పొద్దున్నే బయటికి వెళ్లాలి కాబట్టి దాని మీదే మళ్లీ నల్ల డై పూసుకున్నాను.

నాది చామనఛాయ, కాస్త పసుపు వైపు. వెండి కంటే బంగారం నప్పుతుంది. జుట్టు భుజాల దాకా ఉంటుంది, పాపిట దగ్గర పల్చబడింది. మూడు వారాలు తిరిగేసరికి పాపిటలో తెల్ల గీత కనిపిస్తుంది, ఇక ఎక్కడికి వెళ్లాలన్నా టెన్షనే. చిన్నదానిలా కనిపించాలన్న కోరిక లేదు. ఫోటోలో ఉన్నది నేనే అనిపించాలి, అంతే. తెలిసినవాళ్లు చెప్పండి.

పాతకత్తెర:

జుట్టుకి రంగులు వేసే పనిలో 26 ఏళ్లుగా ఉన్నానండీ. మీ రాగి రంగు కథ నా దగ్గరికి వారానికి ఒకటైనా వస్తుంది. మీరు కంగారుపడకండి, అది సరిదిద్దుకోగలిగిందే.

డై మీద డై వేస్తే జుట్టు లేతబడదు. డై లేతపరచగలిగింది మన సహజమైన రంగునే, అదీ కొంతవరకు. ఇంతకుముందు పట్టిన నలుపుని అది కదిలించలేదు. అందుకే కింద జుట్టు అలాగే ఉండిపోయింది. కుదుళ్ల దగ్గర కొత్తగా వచ్చినది తెల్ల జుట్టు, దాంట్లో సొంత రంగు లేదు. వేసిన రాగి రంగుని మసకపరచడానికి లోపల ఏమీ లేక అది ఉన్నదున్నట్టు మెరిసింది. తల వేడికి కుదుళ్ల దగ్గర రంగు త్వరగా పనిచేస్తుంది, అది కూడా తోడైంది.

డబ్బా మీద అంకె చదవడం తెలిస్తే సగం దిగులు పోతుంది. చుక్కకి ముందున్న అంకె ముదురుతనం చెబుతుంది: 1 అంటే నలుపు, 3 ముదురు బ్రౌన్, 4 మధ్యస్థం, 5 లేత బ్రౌన్, అలా 10 దాకా లేతబడుతూ పోతుంది. చుక్క తర్వాతది ఛాయ. చాలా కంపెనీల్లో .1 బూడిద ఛాయ, .3 బంగారు ఛాయ, .4 రాగి. అన్ని కంపెనీలూ ఒకే లెక్క పాటించవు కాబట్టి వాళ్ల పట్టిక కూడా చూడండి. మీరు తెచ్చిన 6.4 లేత రాగి రంగు. ముప్పాతిక వంతు నెరిసిన తల మీద అది ఒక్కటే వేస్తే అలాగే వస్తుంది. నెరిసిన జుట్టుకి ఛాయ ఉన్న షేడ్ ఏది వేసినా, అదే అంకె ఉన్న సహజ షేడ్, అంటే 4 అనో 4.0 అనో ఉండేది, సగానికి సగం కలుపుతాం.

ఇక నలుపు ఎందుకు నప్పడం మానేసిందంటే, వయసులో ఉన్నప్పుడు మనది నల్ల జుట్టు అనుకుంటాం కానీ ఎండలో చూస్తే అందులో ఎన్నో బ్రౌన్ పోగులు ఉండేవి. డబ్బా నలుపులో అవి ఉండవు. పైగా ఇన్నేళ్లలో కనుబొమలు పల్చబడ్డాయి, పెదవుల రంగు తగ్గింది, చర్మం అంతటా ఒకే తీరుగా లేదు. ముఖం మెత్తబడుతుంటే జుట్టు మాత్రం బొగ్గులా నిలబడింది. ఆ నలుపు పక్కన ప్రతి చిన్న నీడా ముదిరి కనిపిస్తుంది. పాపిట పల్చగా ఉంటే ఇంకా కష్టం, నల్లటి జుట్టు మధ్య లేత రంగు మాడు ఎత్తి చూపినట్టు ఉంటుంది. మీ అక్కగారి ముఖం కళగా ఉండడానికి కారణం కూడా ఇదే, ఆమె జుట్టూ చర్మమూ కలిసి మెత్తబడ్డాయి.

నేనైతే మీకు కుదుళ్లకి మొదట 3తో మొదలుపెడతాను. మూడు నాలుగు నెలలు గడిచాక 4కి వెళ్తాను, అందులో కొద్దిగా బంగారు ఛాయ. ముఖం చుట్టూ, కణతల దగ్గర, సన్నటి పోగులు మాత్రం 5 లేదా 6. మీ చర్మానికి పూర్తి బూడిద ఛాయ వద్దు, ముఖం మట్టి రంగులోకి దిగుతుంది. ముదురు ఎరుపు, వంకాయ రంగు లాంటివి కూడా నేను వేయను. అవి కళ్ల కింద నలుపుని ఇంకా లాగి చూపిస్తాయి, నాలుగు తలస్నానాలకే వెలిసిపోతాయి.

ఉన్న నలుపుని ఒక్క రోజులో తీయించుకోవద్దు. బ్లీచ్ వేస్తే నలుపు ముందు ఎరుపు, తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు అవుతుంది. 58 ఏళ్ల పల్చటి జుట్టు అంత దెబ్బ తట్టుకోదు. పని తెలిసినవాళ్ల దగ్గర ఫాయిల్ పెట్టించి, ముందు భాగంలో పది పన్నెండు సన్నటి పోగులు మాత్రం లేత చేయించుకోండి. మిగతాది కత్తెరకి వదిలేయండి. జుట్టు నెలకి సుమారు 1.25 సెంటీమీటర్లు పెరుగుతుంది. గడ్డం దాకా ఉండేలా కత్తిరించుకుంటే ఏడాదిన్నరలో పాత నలుపు మొత్తం పోతుంది.

ఒక్కటి అడగాలి. డై వేసిన ప్రతిసారీ చివర్ల దాకా పూస్తున్నారా?

నీలిమేఘం:

షేడ్ సంగతి పాతకత్తెర గారు చెప్పేశారు. నేను వేరే విషయం చెప్పాలి, దయచేసి దీన్ని చిన్నదిగా తీసుకోవద్దు.

పన్నెండేళ్లు ఒకే డై వేశాను, ఒక్కసారి కూడా దురద రాలేదు. ఆ నమ్మకంతో ప్యాచ్ టెస్ట్, అంటే ముందుగా చర్మం మీద కొద్దిగా పెట్టి పడుతుందో లేదో చూసుకోవడం, మానేశాను. పదమూడో ఏట ఒకరోజు డై వేసుకుంటే రాత్రికి మాడంతా మంట, తెల్లారేసరికి రెండు కళ్లూ వాచి మూసుకుపోయాయి. చర్మ డాక్టర్ పరీక్ష చేసి పీపీడీ పడటం లేదని తేల్చారు. పూర్తి పేరు పారాఫినైలీన్‌డయమీన్, చాలా పర్మనెంట్ డైలలో ఉంటుంది. అలర్జీ మొదటిసారే రావాలని లేదు, ఏళ్ల తరబడి వాడాక కూడా రావచ్చు. ఒకసారి వచ్చిందంటే ఇక పోదు.

కంపెనీ మార్చినా, షేడ్ మార్చినా, 48 గంటల ముందు చెవి వెనకో మోచేతి మడతలోనో, డబ్బాలో కాగితం మీద ఎలా రాశారో అలా పెట్టి చూడండి. అమోనియా లేదని రాసి ఉన్నంత మాత్రాన పీపీడీ లేదని కాదు, ఆ రెంటికీ సంబంధం లేదు.

నల్ల హెన్నా అని అమ్మేవాటిని నమ్మకండి, వాటిలో పీపీడీ కలిపే అవకాశం ఉంది. గోరింటాకు ఒక్కటే అయితే తెల్ల జుట్టు మీద నారింజ రంగే వస్తుంది, నలుపు రాదు. ఇప్పుడు నేను స్వచ్ఛమైన గోరింటాకు పొడి పెట్టి, కడిగి, దాని మీద నీలి ఆకు పొడి పెడుతున్నాను. ముదురు బ్రౌన్ వస్తుంది. రెండు పూటల పని, అయినా నాకు ఇదే దారి. మీరు ఇటు వస్తే ఆ తర్వాత బ్లీచ్ జోలికి వెళ్లకండి. కొన్ని పొడుల్లో లోహ లవణాలు కలుపుతారు, వాటికి బ్లీచ్‌లో ఉండే పెరాక్సైడ్ తగిలితే జుట్టు వేడెక్కి తెగిపోతుంది.

వెండిపోగు:

నాకు 63. నేను డై పూర్తిగా వదిలేశాను, 20 నెలలు పట్టింది. మొదటి ఆరు నెలలు చాలా కష్టం, సగం తెలుపు సగం నలుపు. అప్పుడు నాకు సాయపడింది లోలైట్స్. పెరుగుతున్న తెల్ల జుట్టులో అక్కడక్కడా ముదురు పోగులు వేయించుకున్నాను, దాంతో రెండు రంగుల మధ్య గీత కనిపించలేదు.

తెలుపు ఒక్కోసారి పసుపెక్కుతుంది. వారానికి ఒకసారి ఊదా రంగు షాంపూ వాడితే సరిపోతుంది, అంతకంటే ఎక్కువైతే జుట్టు ఊదాగా కనిపిస్తుంది. జుట్టు మారాక బట్టల రంగులూ మారాయి. లేత గోధుమ రంగు బట్టల్లో వెలవెలబోతున్నాను, ముదురు నీలం బాగా నప్పుతోంది. మీకు ఇప్పుడే తెలుపు వద్దనిపిస్తే వద్దు. పాతకత్తెర గారు చెప్పిన దారిలో వెళ్తే రేపు తెలుపుకి మారడం కూడా తేలికే అవుతుంది.

మల్లెపందిరి:

అందరూ ఇంత ఓపిగ్గా రాశారు, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. అవునండీ, పదిహేనేళ్లుగా ప్రతిసారీ చివర్ల దాకా పూస్తూనే ఉన్నాను. డబ్బాలో మిగిలింది పారేయడం ఎందుకని.

నీలిమేఘం గారు, ఒక్కసారి కూడా ప్యాచ్ టెస్ట్ చేయలేదు. ఈ రోజే మోచేతి మడతలో పెట్టాను, ఎల్లుండి చూస్తాను. పాతకత్తెర గారు, పాపిట గీతకి మూడు వారాలకోసారి డై వేయడం తప్పదా? కనుబొమలకి కూడా అదే బ్రౌన్ వేసుకోవచ్చా?

పాతకత్తెర:

చివర్లు బొగ్గులా కావడానికి అదే కారణమండీ. పొర మీద పొర పేరుకుపోయింది. ఈసారి నుంచి కొత్తగా పెరిగిన జుట్టుకి మాత్రమే పూయండి, మిగిలింది పారేయండి.

పాపిటకి పర్మనెంట్ బదులు డెమీ పర్మనెంట్ అడగండి. తెలుపుని పూర్తిగా కప్పదు, పల్చటి రంగు పూతలా ఉంటుంది, తెల్ల వెంట్రుకలు లేత బ్రౌన్ పోగుల్లా కలిసిపోతాయి. తలస్నానాలతో మెల్లగా వెలుస్తుంది కాబట్టి ఆ గట్టి గీత రాదు. మూడు వారాలు కాస్తా ఐదారు వారాలు అవుతాయి. పర్మనెంటే వేయాల్సి వస్తే దాంట్లో కలిపే డెవలపర్ 20 వాల్యూమ్‌ది, అంటే 6 శాతం పెరాక్సైడ్ ఉన్నది, చాలు. తెల్ల జుట్టు మొండిగా ఉందని ఇంట్లో 30 వాడకండి. పాపిట మధ్యలో మొదలుపెట్టి, ముఖం అంచున ఉండే సన్నటి జుట్టుకి చివర్లో పూయండి, అది తొందరగా ముదిరిపోతుంది.

రంగు ఎలా వచ్చిందో తడి జుట్టు మీద చూసి బెంగపడకండి, తడిగా ఉంటే ముదురుగానే కనిపిస్తుంది. ఆరాక, పగటి వెలుతురులో, కిటికీ పక్కన చూడండి.

తల డై కనుబొమలకి వద్దు, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. జుట్టు కంటే కాస్త లేతగా ఉండే బ్రౌన్ పెన్సిల్‌తో, ఖాళీ ఉన్న చోట మాత్రం, వెంట్రుక గీసినట్టు చిన్న చిన్న గీతలు గీయండి. నల్ల పెన్సిల్ ఉంటే పక్కన పెట్టేయండి. ఎల్లుండి మోచేతి దగ్గర ఎరుపు గానీ దురద గానీ ఉంటే ఆ డై తలకి వేసుకోకుండా ముందు ఇక్కడ రాయండి.