ఖాళీ రోడ్డు మీద 140 తోలితే తప్పేంటి?

#1 ఐదోగేరు
సూటిగా అడుగుతున్నా. రోడ్డు వెడల్పుగా ఉంది, పొడిగా ఉంది, ముందు కిలోమీటరు దూరం ఒక్క బండి లేదు. టైర్లు కొత్తవి, బ్రేకులు పోయిన నెలే చూపించా. 140లో వెళ్తే ఎవరికి నష్టం? 22 ఏళ్లుగా నడుపుతున్నా, బండికి ఒక్క గీత పడలేదు. జర్మనీలో ఆటోబాన్ అనే పెద్ద హైవేల మీద చాలా దూరం వరకు పరిమితే లేదు. 130 అనేది అక్కడ 1978 నుంచి ఉత్త సలహా, అంతే. వాళ్లేమన్నా రోజూ కుప్పలుగా చచ్చిపోతున్నారా? ఫోన్ చూసుకుంటూ 60లో వెళ్లేవాడు నాకంటే ప్రమాదం. కానీ వాడిని ఎవరూ ఏమీ అనరు, నన్ను మాత్రం హంతకుణ్ణి చూసినట్టు చూస్తారు. కాదనేవాళ్లు కారణం చెప్పండి. నీతులు వద్దు.

#2 చూస్తూపోతా
మళ్లీ మొదలైంది. కుర్చీ లాక్కుని కూర్చున్నా.

#3 నిదానమే
నీతులు చెప్పను, లెక్క చెప్తా. 100లో వెళ్లే కారు సెకనుకి 28 మీటర్లు పోతుంది. ముందు ఏదో కనబడింది. కాలు బ్రేక్ మీదకు రావడానికి ఒక సెకను వేసుకోండి, మెలకువగా ఉన్న మనిషికి ఇది మంచి లెక్కే. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేక్ కొడితే ఆగడానికి ఇంకో 55 మీటర్లు. మొత్తం 83 మీటర్లలో ఆగాడు.

ఇప్పుడు అతని పక్కనే, అదే గీత దగ్గర, మీరు 140లో వస్తున్నారు. ఇద్దరూ ఒకేసారి చూశారు, ఒకేసారి బ్రేక్ కొట్టారు, బ్రేకులూ ఒకటే. అతను ఆగిపోయిన చోట మీరు ఎంతలో ఉంటారు? చాలామంది 40 అంటారు, తేడా 40 కదా అని. కాదు. దాదాపు 108లో ఉంటారు. అంటే బ్రేక్ కొట్టకముందు అతను ఉన్న వేగం కంటే, అంతసేపు బ్రేక్ కొట్టాక మీరున్న వేగమే ఎక్కువ. కాగితం తీసుకుని మీరే వేసి చూడండి. వేగం పెరిగినట్టు శక్తి పెరగదు, వేగం వర్గం లెక్కన పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలు. ఇది నా అభిప్రాయం కాదు.

#4 మీటర్‌రీడర్
ఏ 140? మీటరులో 140యా, నిజంగా 140యా? ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల ప్రకారం స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదు, కానీ పది శాతం, దానిమీద ఇంకో 4 కిలోమీటర్ల వరకు ఎక్కువ చూపించొచ్చు. మీటరులో 140 ఉంటే నిజానికి 124 కూడా అయ్యుండొచ్చు. అది తేలకుండా మొత్తం చర్చే దండగ.

#5 ఐదోగేరు
@నిదానమే గారూ, మీ లెక్కలో ముందు ఏదో అడ్డం వచ్చింది. నా ప్రశ్నలో ఏమీ రాలేదు. రానిదాన్ని తెచ్చి పెట్టి గుద్దిస్తే ఎలా?

ఇంకో మాట. 1964లో అమెరికాలో సాలమన్ అనే ఆయన చేసిన అధ్యయనం ఉంది. సగటు వేగం కంటే బాగా ఎక్కువలో పోయేవాళ్లే కాదు, బాగా తక్కువలో పోయేవాళ్లూ ఎక్కువగా ప్రమాదాల్లో పడతారని తేలింది. అందరూ ఒకే వేగంలో పోతే మంచిది, అది 80 అయినా 120 అయినా. దీన్ని ఎవరూ మాట్లాడరు. నిదానంగా పోయేవాడు దేవుడు, వేగంగా పోయేవాడు రాక్షసుడు, ఇంతే.

#6 రాత్రిషిఫ్టు
ఓవర్‌టేక్ లేన్‌లో 70లో తాపీగా పోయేవాళ్ల గురించి కూడా ఎవరైనా ఒక థ్రెడ్ తెరవండి ప్లీజ్. ఎనిమిది గంటలు పని చేసి తెల్లవారి ఇంటికి వస్తుంటా. ముందు ఒకాయన, పక్క లేన్ మొత్తం ఖాళీ, జరగడు. లైట్ కొడితే కావాలనే ఇంకా తగ్గిస్తాడు. చివరికి పక్క నుంచి దాటితే నాకు వేలు చూపించాడు. ఇలాంటివాళ్ల వల్లే ప్రమాదాలు.

#7 నిదానమే
@రాత్రిషిఫ్టు, రాత్రంతా పనిచేసి నడుపుతున్నారంటే మీకు ఆ ఒక సెకను సరిపోదండీ. ముందు నిద్ర సంగతి చూసుకోండి.

@ఐదోగేరు, సాలమన్ లెక్కలు 1950ల నాటి ఊళ్ల మధ్య రోడ్లవి. అప్పుడే పక్క దారిలోకి మలుపు తీసుకోబోయి ఆగినవాళ్లు, అప్పుడే రోడ్డెక్కినవాళ్లు కూడా అందులో నిదానంగా పోయేవాళ్ల ఖాతాలో పడ్డారు. ఆ విమర్శ పాతదే. 1997లో అడిలైడ్ విశ్వవిద్యాలయం వాళ్లు 60 పరిమితి ఉన్న ఊరి రోడ్ల మీద చూశారు. 60 దాటాక వేగం పెరిగే ప్రతి 5 కిలోమీటర్లకీ మనుషులు గాయపడే ప్రమాదం రెట్టింపు అవుతూ పోయింది. నిదానంగా పోయినవాళ్లకి ప్రమాదం పెరిగినట్టు అక్కడ కనబడలేదు.

ఆటోబాన్ సంగతి. ఆ రోడ్డుకి ఎదురు బండి రాదు, కూడలి లేదు, సైకిల్ రాదు, మనిషి నడవడు. అందుకని క్షేమం. జర్మనీలో ఎక్కువమంది చనిపోయేది ఊళ్ల బయట ఉండే మామూలు రెండు వరుసల రోడ్ల మీదే. ఆ రోడ్లకి పరిమితి మామూలుగా 100. పరిమితి లేనిది ఆటోబాన్‌కి, మీరు నడిపేది ఏ రోడ్డు మీద?

#8 చూస్తూపోతా
ఇదీ ప్రశ్న అంటే.

#9 ఐదోగేరు
మంచి రోడ్డు మీదే. చెప్పా కదా. ఎక్కడ ఎంతలో పోవాలో డ్రైవర్‌కి తెలుస్తుంది. వానలో 80 కూడా ఎక్కువే, నేను వానలో 60 దాటను. పొద్దున్నే ఖాళీగా ఉన్నప్పుడు అదే రోడ్డుకి 120 తక్కువ. ఒక పలక మీద రాసిన అంకెకి వాన తెలుసా, ఎండ తెలుసా? నడిపేవాడి తీర్పు కంటే ఆ రేకు ముక్క గొప్పదా?

#10 మీటర్‌రీడర్
తీర్పు నడిపేవాడికే వదిలేసి చూశారు. అమెరికాలో మోంటానా రాష్ట్రం 1995 చివర్లో పగటిపూట కార్లకి అంకె తీసేసింది. పరిస్థితికి తగ్గట్టు, సబబుగా నడపండి అని మాత్రమే చట్టం. ఒకాయన్ని గంటకి 85 మైళ్ల దగ్గర, అంటే సుమారు 137 కిలోమీటర్లకి, పట్టుకున్నారు. మరి సబబైన వేగం ఎంత అని అడిగితే ఆపిన పోలీసాయన అంకె చెప్పలేకపోయాడు. 1998లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, ఏది నేరమో ముందుగా తెలియని చట్టం చెల్లదు అని కొట్టేసింది. 1999లో మళ్లీ పలకలు పెట్టారు, 75 మైళ్లు.

ఇంతకీ మీటరా, నిజమా?

#11 ఐదోగేరు
చూశారా, ఆయన కేసు గెలిచాడు!

#12 నిదానమే
గెలిచింది ఆయన. ఊడింది మీరు పొగిడే చట్టం. నడిపేవాడి తీర్పు అంటే ఇలాగే ఉంటుంది, ప్రతివాడూ తన తీర్పే సబబు అనుకుంటాడు. తాను సగటు కంటే చెత్తగా నడుపుతానని చెప్పే డ్రైవర్‌ని మీరు ఎక్కడైనా చూశారా? 22 ఏళ్లు గీత పడలేదు అంటే నైపుణ్యం కాదు, ఎదుటివాళ్లు 22 ఏళ్లు మిమ్మల్ని తప్పించుకున్నారు.

#13 ఐదోగేరు
ఇదిగో, అసలు రంగు బయటపడింది. స్టీరింగ్ పట్టుకుంటే చేతులు వణికేవాళ్లంతా ఇక్కడ చేరి సూత్రాలు చెప్తారు. మీకు నడపడం రాదు కాబట్టి ఎవరికీ రాదు అనుకుంటారు. 100లో కారు ఊగితే కళ్లు మూసుకునే బాపతు.

#14 నిదానమే
నా చేతులు వణకడం గురించి మీకేం తెలుసు?

#15 వెనకసీటు
ఇద్దరూ ఆగితే ఒక మాట. మా ఇంట్లోనూ ఒక ఐదోగేరు ఉన్నారు. బాగా నడుపుతారు, నిజంగా. కానీ స్టీరింగ్ ఆయన చేతిలో ఉంటుంది, బ్రేక్ ఆయన కాలి కింద ఉంటుంది, అందుకని ఆయనకి భయం ఉండదు. వెనక సీట్లో నాకు ఏమీ ఉండదు. కాలు నేలకి తొక్కి పట్టుకుని కూర్చుంటా, అక్కడ బ్రేక్ లేదని తెలిసి కూడా. "టెన్షన్ పడకు, కంట్రోల్‌లోనే ఉంది" అంటారు. ఎవరి కంట్రోల్‌లో అన్నదే నా బాధ. తగ్గించమంటే ఒక ఐదు నిమిషాలు తగ్గిస్తారు, అది కూడా అలిగినట్టు.

#16 రాత్రిషిఫ్టు
@వెనకసీటు అక్కా, మా ఇంట్లో నాకు ఇదే తిట్టు 😅

#17 మోడరేటర్
మనుషుల మీద వ్యాఖ్యలు వద్దు. #12, #13 రెండిటికీ ఇది హెచ్చరిక.

#18 ఐదోగేరు
సరే. నేను ఎందుకు ఇంత మండిపడుతున్నానో చెప్తా, తర్వాత మీ ఇష్టం. పోయిన నెల తెల్లవారుజామున నాలుగు గంటలకి నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్తున్నా. పరిమితి 80, నేను 91. రోడ్డు మీద పిట్ట లేదు. కెమెరా ఫొటో తీసింది, చలానా వచ్చింది. అర్జీ పెట్టుకున్నా, యంత్రం చెప్పిందే ఫైనల్ అన్నారు. అదే వారం పగలు, ఒకడు ఫోన్‌లో మాట్లాడుతూ ఎర్ర లైట్ దాటి నా అద్దం విరగ్గొట్టి పోయాడు. వాడికి ఏ ఫొటో లేదు, ఏ చలానా లేదు. ఎందుకంటే వేగాన్ని కొలవడం తేలిక. పరధ్యానాన్ని కొలిచే యంత్రం లేదు, పొగరుని కొలిచే యంత్రం లేదు. కొలవగలిగింది నేరం అయింది, కొలవలేనిది వదిలేశారు. నా గొడవ 140 గురించి కాదు. నన్నూ వాడినీ ఒకే గాట కట్టారు, కాదు, వాడిని కట్టనేలేదు.

#19 చూస్తూపోతా
ఇది మొదటి పోస్టులోనే రాసి ఉంటే నేను మీ వైపే ఉండేవాణ్ణి.

#20 నిదానమే
మీ నాన్నగారు కులాసా అనుకుంటా. ఆ చలానా మీద నాకేం పట్టుదల లేదు.

నా సంగతి కూడా చెప్పేస్తా. ఆరేళ్ల కింద స్కూటర్ మీద మెయిన్ రోడ్డు దాటి మలుపు తీసుకోవాలి. ఆగాను, చూశాను. కారు దూరంగా ఉంది, లైట్లు చిన్నగా కనబడుతున్నాయి. 200 మీటర్లు ఉంటుంది. 80లో వచ్చే బండికి అది తొమ్మిది సెకన్లు, నాకు దాటడానికి ఐదారు చాలు. అలా లెక్క కట్టుకుని కూర్చోలేదు, కళ్లకి అలవాటైన అంచనా అది, రోడ్డు మీద అందరికీ ఉండేదే. అతను 80లో రావడం లేదు. 140లో వస్తే 200 మీటర్లకి ఐదు సెకన్లే. నేను సగం దాటేసరికి మీద ఉన్నాడు. కాలికి రెండు ఆపరేషన్లు. రిపోర్టులో ఏం రాశారో తెలుసా? దారి ఇవ్వకుండా అడ్డం వచ్చింది నేనని. నాది తప్పట. అతని వేగం అంచనా వేయడానికి ఆధారం లేదట. మీరేమో యంత్రం కొలిచిందని ఏడుస్తున్నారు. ఆ రోజు అక్కడ ఒక యంత్రం ఉంటే బాగుండేదని నేను ఆరేళ్లుగా అనుకుంటున్నా.

మీరు అన్నారు చూడండి, ముందు ఏమీ లేని ఖాళీ రోడ్డు అని. అతనికి కూడా అది ఖాళీ రోడ్డే. నేను అందులోకి వచ్చాను.

#21 వెనకసీటు
🙏

#22 మీటర్‌రీడర్
@నిదానమే, ఇది మీకు పనికొస్తుందో లేదో. ఆటోబాన్‌లో 130 ఉత్త సలహా అన్నారు కదా పైన. అంత ఉత్తదేం కాదు. 1992లో జర్మనీ అత్యున్నత న్యాయస్థానం ఒక తీర్పు ఇచ్చింది. ఒకడు 130 దాటి వెళ్తుండగా ఎదుటివాడి తప్పు వల్లే ప్రమాదం జరిగినా సరే, 130లో వెళ్లి ఉన్నా అది జరిగేదే అని నిరూపించుకోలేకపోతే నష్టంలో కొంత భాగం ఇతనూ మోయాలి. జరిమానా ఉండదు, నేరమూ కాదు. కానీ లెక్కలోకి వస్తుంది.

#23 నిదానమే
నాకు ఆ ముక్క చాలు. నేను అడ్డం వచ్చానని రాసుకోండి, ఒప్పుకుంటా. అతని వాటా కూడా రాయమన్నానంతే.

#24 ఐదోగేరు
మీకు జరిగింది అన్యాయం, అందులో రెండో మాట లేదు. #13లో అన్నదానికి సారీ. కానీ కూడళ్లు ఉన్న రోడ్డు మీద నేను ఎప్పుడూ 140 అనలేదు. మొదటి నుంచీ నేను మాట్లాడేది కంచె వేసిన, అడ్డదారులు లేని రోడ్ల గురించే. మొదటి పోస్టు చూసుకోండి.

#25 రాత్రిషిఫ్టు
మొదటి పోస్టులో "రోడ్డు వెడల్పుగా ఉంది" అని ఉంది. కంచె లేదు.

#26 ఐదోగేరు
నా ఉద్దేశం అదే.

#27 చూస్తూపోతా
అన్నా, ఇప్పుడే ఎడిట్ చేయబోయి టైమ్ అయిపోయింది కదూ 😄

#28 మీటర్‌రీడర్
@ఐదోగేరు, ఆ చలానాలో 91 రాడార్ కొలిచింది కదా. ఆ టైమ్‌లో మీ మీటరు ఎంత చూపించింది?

#29 ఐదోగేరు
97.

#30 వెనకసీటు
నాన్నగారు వెనక సీట్లోనే ఉన్నారా?

#31 ఐదోగేరు
అవునండీ. ఏమీ అనలేదు. చెయ్యి మాత్రం పైనున్న హ్యాండిల్ వదల్లేదు.