ఇంటి కంప్యూటరుకు ఏ లినక్స్ డిస్ట్రో (లినక్స్ ఆపరేటింగ్ సిస్టం రకం): ఫెడోరానా, మింటా?

సాగరతీరం (ఎం.వి.పి. కాలనీ):
మా డెస్క్‌టాప్ 2016లో కొన్నది. ప్రాసెసర్ ఇంటెల్ ఆరో తరానిది కావడంతో విండోస్ 11కు అర్హత లేదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నాన్నగారు ఇన్‌స్క్రిప్ట్‌లో (భారతీయ భాషల కీబోర్డు అమరిక) వ్యాసాలు టైపు చేస్తారు, అమ్మ వీడియోలు చూస్తుంది, బ్యాంకు పనులు నావి. ఉద్యోగరీత్యా ఏడాదిలో సగం రోజులు నేను విశాఖలో ఉండను. ఏ లినక్స్ వేయమంటారు?

యారాడ కొండ:
ఫెడోరా వేయండి. సుమారు ఆరు నెలలకొక కొత్త కూర్పు వస్తుంది, కెర్నెల్‌తో (సిస్టం మూలభాగంతో) సహా అన్నీ తాజాగా ఉంటాయి. నేను వరుసగా నాలుగు కూర్పులు అప్‌గ్రేడ్ చేశాను. ఒక్కసారి కూడా మొదటినుంచి ఇన్‌స్టాల్ చేయవలసి రాలేదు.

కంచరపాలెం మేష్టారు:
కొండ గారి అనుభవాన్ని కాదనను, కానీ ఆ సలహా ఈ ఇంటికి నప్పదు. తాజా కెర్నెల్ అవసరం ముఖ్యంగా కొత్త హార్డ్‌వేరుకు. 2016 నాటి యంత్రానికి కావలసిన డ్రైవర్లు కెర్నెల్‌లో చేరి ఏళ్లు గడిచాయి. ఫెడోరా ఒక్కో కూర్పుకు మద్దతు దాదాపు 13 నెలలే కనుక ఏడాదికొకసారైనా ఎవరో ఒకరు కూర్చుని అప్‌గ్రేడ్ చేయాలి, అబ్బాయి ఊళ్లో లేనప్పుడు ఆ భారం పెద్దాయన మీద పడుతుంది. లినక్స్ మింట్ 22 ఉబుంటు 24.04 అనే మరో లినక్స్ ఆధారంగా తయారైనది. దానికి 2029 ఏప్రిల్ వరకు భద్రతా అప్‌డేట్లు అందుతాయి.

వీడియోల సంగతి కూడా చూడండి. పేటెంట్ల కారణంగా ఫెడోరాలో కొన్ని కోడెక్‌లు (వీడియో, ఆడియో ఫైళ్లను విప్పి ఆడించే భాగాలు) ఉండవు, వాటిని ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి సాఫ్ట్‌వేరు భాండారం నుంచి తెచ్చుకోవాలి. మింట్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఒక గడిలో టిక్కు పెడితే సరిపోతుంది. సిస్టం స్థితిని స్నాప్‌షాట్లుగా దాచే టైమ్‌షిఫ్ట్‌ను మాత్రం మొదటి రోజే అమర్చుకోండి. నిరుడు నేను గ్రాఫిక్స్ డ్రైవరు మార్చబోయి తెర నల్లబడితే, ముందురోజు స్నాప్‌షాట్‌కు తిరిగి వెళ్లి పావుగంటలో మళ్లీ పనిలో పడ్డాను.

ఇన్‌స్క్రిప్ట్ రెండింటిలోనూ ఉంది. నాన్నగారి పాత ఫైళ్లు అను ఫాంట్లలో ఉంటే అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షర సంకేతాలు) కావు కనుక, విండోస్ తీసేయకముందే వాటిని మార్పించండి.

యారాడ కొండ:
కోడెక్‌ల మాట ఒప్పుకుంటున్నాను మేష్టారూ. అయితే బ్యాంకు పనులున్నాయన్నారు. తెరను, కీబోర్డును నడిపే పాత వ్యవస్థ ఎక్స్11లో ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రాములో నొక్కే కీలను గమనించగలదు, దాని స్థానంలో వచ్చిన వేలాండ్ ఈ పనిని అడ్డుకుంటుంది. మింట్ 22 సిన్నమన్ డెస్క్‌టాప్‌లో వేలాండ్ ఇంకా ప్రయోగదశలోనే ఉంది. దీనిని తేలికగా తీసుకోకూడదు.

కంచరపాలెం మేష్టారు:
నిజమే, కానీ ఆ ప్రమాదం రావాలంటే ముందుగా చెడ్డ ప్రోగ్రాము ఒకటి యంత్రంలోకి చేరి నడుస్తూ ఉండాలి. సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ ఏదీ వేయని ఇంట్లో, గడువు తీరిన కూర్పుతో నెలల తరబడి నడవడమే నాకు ఎక్కువ ప్రమాదంగా కనిపిస్తోంది.

సాగరతీరం:
గడువు మాటతో నా మొగ్గు మింట్ వైపు తిరిగింది. ఆదివారం లైవ్ యూఎస్‌బీ నుంచి, ఇన్‌స్టాల్ చేయకుండానే, నడిపి నాన్నగారి చేత ఒక పేజీ టైపు చేయించి, ప్రింటరు కూడా పలికితే అదే వేస్తాను. అను ఫైళ్లు నలభై వరకు ఉన్నాయి, వాటి మార్పిడి ఈ రాత్రే మొదలుపెడుతున్నాను.